పాదరసం (రసశాస్త్రం)

భారతీయ రసశాస్త్రానికి పాదరసమే మూలద్రవ్యం. లోహమై ఉండి నీరులా పారుతూ, బంగారాన్ని తనలో కలుపుకొని, వేడికి ఆవిరైపోయే ఈ పదార్థాన్ని రససిద్ధులు శివుని తేజస్సుగా, గంధకాన్ని పార్వతి రజస్సుగా భావించారు. మూర్ఛిల్లిన పాదరసం రోగాలను పోగొడుతుందని, చచ్చిన పాదరసం మనిషిని బతికిస్తుందని, కట్టుబడినది ఆకాశంలో తిరిగే శక్తినిస్తుందని వారి పరిభాష. అన్ని రోగాలకూ, ముసలితనానికీ, చావుకూ ఒకే మందు అన్నమాట. అయితే ముందు లోహం మీద పరీక్షించి, ఆ తర్వాతే దేహానికి వాడమని రసార్ణవమనే గ్రంథం శాసించింది. ఇంత పెద్ద ఆశకు ఇంత కచ్చితమైన షరతు పెట్టడమే ఈ శాస్త్రంలో మెచ్చదగిన గుణం.

గోవింద భగవత్పాదుని రసహృదయతంత్రం, రసరత్నసముచ్చయం ఈ శాస్త్రంలో ప్రసిద్ధ గ్రంథాలు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో రసేశ్వర దర్శనానికి ప్రత్యేక స్థానమిచ్చాడు. భారతదేశపు యోగులు పాదరసం, గంధకం కలిపి నెలకు రెండుసార్లు తాగేవారని మార్కో పోలో రాశాడు. సిద్ధ నాగార్జునుడి కథల వల్ల శ్రీశైలం రససిద్ధుల క్షేత్రంగా పేరుపడింది. నిత్యనాథుని రసరత్నాకరం ఆ కొండ చుట్టుపక్కల సిద్ధిస్థలాలను వర్ణిస్తుంది. ఆంధ్రదేశపు వైద్యగ్రంథం బసవరాజీయంలోనూ రసౌషధాలున్నాయి.

పాదరసానికి చెప్పిన సంస్కారాలు, అంటే దాన్ని సిద్ధం చేసే ప్రక్రియలు, 18. మందుకు మొదటి ఎనిమిది చాలు. శుద్ధి చేసిన పాదరసాన్ని గంధకంతో కలిపి కల్వంలో నూరితే నల్లని కజ్జలి వస్తుంది. చిటికెడు అరచేతి నీటిలో వేసి ఎండలో చూసినప్పుడు ఒక్క మెరుపు కూడా కనబడకూడదు. కనబడితే మళ్లీ నూరాల్సిందే. ఆ కజ్జలిని మట్టిగుడ్డ ఏడు పొరలు చుట్టిన గాజుసీసాలో పోసి, ఇసుక నింపిన కుండలో పెట్టి కాలుస్తారు. గంధకపు పొగలు తగ్గి, అడుగున ఉదయసూర్యుడి ఎరుపు తోచగానే మూత బిగిస్తారు. చల్లారాక సీసాకు కిరసనాయిలులో తడిపిన దారం చుట్టి అంటించి, తడిగుడ్డ వేస్తే గాజు పగులుతుంది. మెడ దగ్గర పేరుకున్న ఎర్రని పలుకే రససిందూరం.

రసాయనికంగా ఇది మెర్క్యూరిక్ సల్ఫైడు, అంటే గనిలో దొరికే ఇంగిలీకమే. ఇంగిలీకం నుంచి పాదరసాన్ని వేరు చేయడం, తిరిగి దాన్ని ఇంగిలీకంగా మార్చడం రెండూ ఈ వైద్యులకు చేతనయ్యాయి. సర్వరోగ నివారణ మాత్రం రుజువు కాలేదు. పాదరసం మూత్రపిండాలకూ నరాలకూ హాని చేసే విషం. భారత ఔషధ నియమాల్లోని ఆయుర్వేద విషద్రవ్యాల పట్టికలో పాదరసం, ఇంగిలీకం రెండూ ఉన్నాయి. వీటితో చేసిన మందును వైద్యుని పర్యవేక్షణలోనే తీసుకోవాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలి.