రోము వెండి, బోధిసిరి శాసనం

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని అక్కన్‌పల్లిలో పదిహేను వందలకు పైగా రోమను వెండి నాణేలు ఒక్కచోట బయటపడ్డాయి. వాటిలో అత్యధికం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. వాటిని చూపి, మన పూర్వులకు రోముతో గొప్ప మైత్రి ఉండేదని మురిసిపోవడం కద్దు. నేనూ చాలాకాలం అలాగే మురిసిపోయాను.

వర్తకం జరిగిన మాట నిజమే. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేసుకుంటున్నదని మొదటి శతాబ్దంలో ప్లినీ వాపోయాడు. అదే శతాబ్దపు 'పెరిప్లస్' అనే గ్రీకు నౌకాయాన గ్రంథం, మన తీరాన్ని 'మసలియా' అని పిలిచి, అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. కాని ఓడ దిగిన వెండి లోపలి ఊళ్ళకు చేరేసరికి ఎన్ని చేతులు మారిందో! అమ్మినవాడూ కొన్నవాడూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. నాణెం మీద చక్రవర్తి పేరుంది. దానిని ఇక్కడ అందుకున్నవాడి పేరు ఎక్కడా లేదు.

మిర్యాలగూడకు నైరుతి దిశలో, కృష్ణ ఒడ్డున, వేరొక రకం సాక్ష్యం దొరికింది. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, మనమెరిగిన నాగార్జునకొండ. మూడవ శతాబ్దంలో, వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక అక్కడ చైత్యగృహం కట్టించి తంబపణ్ణి, అనగా సింహళదేశపు, ఆచార్యులకు సమర్పించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, యవనాది దేశాలలో ధర్మాన్ని వ్యాపింపజేసినవారని ఆమె ప్రాకృత శాసనం వారిని కీర్తిస్తుంది. ఆమె ఇతర దానాలలో సీహళ విహారంలోని బోధివృక్ష ప్రాసాదమూ, కంటకసేల మహాచైత్యం వద్ద మండపమూ ఉన్నాయి. కంటకసేల అంటే నేటి ఘంటసాల. అంతకు ముందు శతాబ్దంలోనే టాలెమీ పేర్కొన్న వర్తక కేంద్రం.

ఆ శాసనంలో రాయబారి లేడు, ఒడంబడిక లేదు. అయినా రెండు దేశాల మధ్య సంబంధమంటే నాకు ముందుగా అదే గుర్తుకొస్తుంది. సముద్రం దాటి వచ్చినవారికి ఊరిలో చోటు దొరికింది. ఆ చోటిచ్చిన మనిషి పేరు రాతిమీద నిలిచింది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1954-60 మధ్య తవ్వకాలు సాగాయి. కొన్ని కట్టడాలను కొండపైకీ, అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. లోయ మునిగిపోయింది, కొండ ద్వీపమైంది. ఆ జలాశయపు ఎడమ కాలువ నీరే నేడు మిర్యాలగూడ వరిపొలాలకూ, సూర్యాపేట జిల్లాలోని కోదాడ మాగాణులకూ పారుతున్నది.

ఆ నీరు వద్దని అనగలిగినవారెవరు? మా అన్నం అదే. అయితే ఆ నీటి అడుగున ఉన్న ఊరికి మనం కొంత బాకీ పడ్డాం. అగస్టస్ పేరు మన పిల్లలకు పాఠ్యపుస్తకం నేర్పుతుంది. బోధిసిరి పేరు మనమే చెప్పాలి.