బోనకల్ సరిహద్దు ప్రాంతం: నిజాం, కంపెనీ పాలనల కాలపు చరిత్ర

బోనకల్ తెలంగాణ రాష్ట్రం ఖమ్మం జిల్లాలోని ఒక మండల కేంద్రం. బోనకల్లు అని కూడా రాస్తారు. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఖమ్మం, మధిర స్టేషన్ల మధ్య ఉంటుంది. మండలం దక్షిణపు కొస దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని వత్సవాయి, జగ్గయ్యపేట ప్రాంతం మొదలవుతుంది. 18వ శతాబ్దంలో తీర ప్రాంతపు ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయినప్పుడు, కంపెనీ ఇలాకాకూ నిజాం ఇలాకాకూ మధ్య పడిన హద్దు ఈ పొలిమేరల దగ్గరే సాగింది. 1860లో ఈశాన్యాన గోదావరి మీద, భద్రాచలం దగ్గర, రెండో హద్దు పడింది. ఖమ్మం మైదానం, పాల్వంచ–భద్రాచలం అడవులు ఈ రెండు హద్దుల మధ్య నలిగిన నేల. ఇక్కడి నాణెం, పన్ను, చదువు, రైలు, ఉద్యమం అన్నిటి మీదా ఆ హద్దుల ముద్ర ఉంది.

కంపెనీకి పూర్వం

మున్నేరు, వైరా ఏరులు ఈ ప్రాంతం గుండా దక్షిణానికి పారుతాయి. వైరా మున్నేరులో, మున్నేరు కృష్ణలో కలుస్తాయి. తీరం నుంచి తెలంగాణ లోపలికి వెళ్లే బాటలు ఈ ఏటి లోయల వెంటే నడిచాయి. నేలకొండపల్లి బౌద్ధ స్తూపం ఆ రాకపోకల ప్రాచీనతకు సాక్ష్యం. కాకతీయుల తర్వాత ఖమ్మం కోట చాలా చేతులు మారింది. 16వ శతాబ్ది ఆరంభంలో ఓరుగల్లు, ఖమ్మం ప్రాంతాలను షితాబ్ ఖాన్‌గా పేరొందిన సీతాపతి ఏలాడు. తర్వాత గోల్కొండ కుతుబ్ షాహీలు ఖమ్మాన్నీ, కొండపల్లినీ తమ రాజ్యంలో కలుపుకున్నారు. నేలకొండపల్లి వాడైన కంచర్ల గోపన్న, అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేసి భద్రాచలం గుడి కట్టించాడు. రామదాసుగా ఆయన తెలుగువారందరికీ తెలుసు. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. 1724 నుంచి అసఫ్ జాహీల పాలన స్థిరపడింది. అప్పటికి ఖమ్మం, కొండపల్లి పక్కపక్క సర్కార్లు. రెండూ ఒకే దక్కన్ సుబేదారు కిందివి.

సర్కార్ల బదిలీ

1753లో నిజాం సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సైన్యం ఖర్చుల కింద ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను సేనాని బుస్సీకి అప్పగించాడు. ముస్తఫానగర్ అంటే కొండపల్లి సర్కారే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో కల్నల్ ఫోర్డ్ సేనలు ఫ్రెంచివారిని ఓడించాయి. మచిలీపట్నమూ దాని చుట్టుపట్ల నేలా కంపెనీకి దక్కాయి.

1765 ఆగస్టులో మొగల్ చక్రవర్తి షా ఆలం సర్కార్లను కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీ చేశాడు. తన నేలను తనకు చెప్పకుండా ఢిల్లీ ఇచ్చేయడాన్ని నిజాం అలీఖాన్ ఒప్పుకోలేదు. బేరసారాలు సాగి, 1766 నవంబరు 12న ఒప్పందం కుదిరింది. కంపెనీ ఏటా 9 లక్షల రూపాయల దాకా చెల్లించాలి, అవసరమైతే సైన్య సహాయం చేయాలి. గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జీవితాంతం అతని దగ్గరే ఉంటుంది. ఏడాది తిరక్కుండానే నిజాం మైసూరు హైదర్ అలీతో చేతులు కలిపాడు. అప్పుడు కల్నల్ పీచ్ నడిపిన కంపెనీ దళం తీరం నుంచి ఓరుగల్లు దాకా చొచ్చుకొచ్చింది. 1768లో కొత్త ఒప్పందం కుదిరి చెల్లింపు తగ్గింది. 1788లో గుంటూరు కూడా కంపెనీ వశమైంది. ఆ వార్షిక చెల్లింపును కంపెనీ 1823లో ఒకేసారి సొమ్మిచ్చి వదిలించుకుంది.

ఈ బదిలీతో కొండపల్లి సర్కారు కంపెనీకి పోయింది, ఖమ్మం సర్కారు నిజాంకు మిగిలింది. నందిగామ, జగ్గయ్యపేట అటు. బోనకల్, మధిర ఇటు. రెండు వైపులా ఒకే భాష, ఒకే కులాలు, ఒకే పంటలు. హద్దు గీసినప్పుడు ఈ ఊళ్ల మాట అడిగినవారు లేరు.

రెండు ఇలాకాల నడుమ బతుకు

కంపెనీ వైపు 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చి జమీందారీలు స్థిరపడ్డాయి. అమరావతి పాలకుడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేర జగ్గయ్యపేట కట్టించాడు. అది హైదరాబాద్–మచిలీపట్నం బాట మీద పెద్ద వర్తక స్థలమైంది. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు కలిసి కృష్ణా జిల్లా ఏర్పడింది. నిజాం వైపు 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగ్ 1860లలో జిల్లాబందీ తెచ్చాడు. జిల్లాలు, తాలూకాలు ఏర్పడి జీతగాళ్లైన అధికారులు వచ్చారు. బోనకల్ ఊళ్లు మధిర తాలూకా కింద, వరంగల్ జిల్లాలో ఉండేవి.

పొలిమేర దాటగానే ఊరి అధికారి పేరే మారేది. కృష్ణా జిల్లాలో కరణం, మునసబు. నిజాం ఇలాకాలో పట్వారీ, మాలీ పటేల్, పోలీస్ పటేల్. అటు బ్రిటిష్ ప్రభుత్వపు కల్దారు రూపాయి, ఇటు నిజాం నాణెమైన హాలీ సిక్కా. మారకం స్థిరపడ్డాక 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా ఇచ్చేవారు. సరుకు హద్దు దాటితే నిజాం సుంకాల శాఖ కరోడ్‌గిరీకి సుంకం కట్టాలి. సముద్రం లేని రాజ్యానికి ఉప్పు మచిలీపట్నం తీరం నుంచే రావాలి. రైలు రాకముందు లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని వచ్చి, తిరుగు బాటలో ధాన్యం, పత్తి మోసుకుపోయేవారు. కచేరీ భాష మొదట ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ. తెలుగు తప్ప మరో భాష రాని రైతుకు తన భూమి కాగితమే చదువుకోలేని స్థితి. ఈ ప్రాంతపు ప్రజల కష్టాల్లో దీన్ని చిన్నదిగా చూడకూడదు.

హద్దు గీత తిన్నగా కూడా లేదు. వజ్రాల గనులున్న పరిటాల, దాని చుట్టుపట్ల కొన్ని గ్రామాలను నిజాం తన కిందే ఉంచుకున్నాడు. అవి కృష్ణా జిల్లా నడిమధ్యన నిజాం ఊళ్లుగా మిగిలాయి. మునగాల పరగణా అందుకు తిరగేసిన బొమ్మ. చుట్టూ నిజాం రాజ్యం, లోపల కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. ఆ జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపనలో ముందు నిలిచారు. తెలుగులో తొలి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నది కూడా ఈ లక్ష్మణరావే.

బొగ్గు, రైలు

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. నిజాం రాజ్యంలో రైలు 1874లో వాడి–సికింద్రాబాద్ మార్గంతో మొదలైంది. దాన్ని బొగ్గు గనుల వైపు, అక్కడి నుంచి బెజవాడకు (నేటి విజయవాడకు) పొడిగించే పనిని లండన్‌లో ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీకి అప్పగించారు. వాటాదారుల లాభానికి నిజాం ఖజానా హామీ ఇవ్వడం ఈ బేరంలోని కీలకం. ఒప్పందం వివరాలు ప్రజల ముందు పెట్టాలని 1883లో హైదరాబాద్‌లో అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆందోళన నడిపారు. సరోజినీ నాయుడి తండ్రి అయిన అఘోరనాథుణ్ని ప్రభుత్వం రాజ్యం నుంచి బహిష్కరించింది. చాందా రైల్వే ఆందోళనగా ఇది హైదరాబాద్ రాజకీయ చైతన్యానికి తొలి గుర్తు.

1886లో లండన్‌లోనే పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది, అదే ఏడాది రైలు బెజవాడ చేరింది. బోనకల్ ఈ మార్గం మీదిదే. 1893లో బెజవాడ దగ్గర కృష్ణపై రైలు వంతెన పూర్తయింది, 1899లో మద్రాసుకు దారి తెరుచుకుంది. 1920లలో కాజీపేట–బల్లార్షా మార్గం కలిసి, ఇది ఢిల్లీ–మద్రాసు ప్రధాన మార్గంలో భాగమైంది. సింగరేణి కాలరీస్ 1920 డిసెంబరు 23న హైదరాబాద్ చట్టం కింద నమోదైంది. రైల్వేను నిజాం ప్రభుత్వం 1930లో కొనేసింది. రైలు రాకతో లంబాడీల ఉప్పు బాట మూతబడింది. పరాయి పెట్టుబడి బొగ్గు కోసం వేసిన పట్టాల మీదనే ఈ ఊళ్ల పత్తి, ధాన్యం, తర్వాత పత్రికలూ కార్యకర్తలూ ప్రయాణించారు.

గోదావరి హద్దు, భద్రాచలం ఏజెన్సీ

గోదావరి మీద వార్ధా దాకా పడవలు నడపాలన్నది సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి లాంకషైర్ మిల్లులకు ఆగిపోయింది. నాగపూర్, బేరార్ పత్తిని నది మీదుగా సముద్రానికి చేర్చాలన్న ఒత్తిడి పెరిగింది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఇంజనీరు హేగ్ ఈ పనులు నడిపాడు. నదిలోని బండరాళ్ల అడ్డంకులు, జ్వరాలు, పెరిగిపోయిన ఖర్చు పథకాన్ని ముందుకు సాగనివ్వలేదు. 1871లో పనులు ఆపేశారు. దుమ్ముగూడెంలో స్థిరపడిన క్రైస్తవ మిషన్‌కు చెందిన జాన్ కెయిన్, కోయల భాషాచారాల మీద తొలి వ్యాసాలు రాసినవారిలో ఒకడు.

1860లో బ్రిటిష్ ప్రభుత్వం ధారాశివ్, రాయచూర్ దోఆబ్‌లను నిజాంకు తిరిగి ఇచ్చి, గోదావరి ఎడమ గట్టు తాలూకాలను తీసుకుంది. భద్రాచలం, రేకపల్లి వాటిలో ఉన్నాయి. గుడి ఒక ప్రభుత్వం కిందా, ఎదుటి గట్టున బూర్గంపాడు మరో ప్రభుత్వం కిందా పడ్డాయి. ఈ తాలూకాలను మొదట మధ్య పరగణాల్లో చేర్చి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ చేశారు.

పాలన మారగానే అడవి బిడ్డల బతుకు కుదించుకుపోయింది. రేకపల్లిలో అంతకుముందు గొడ్డలికి ఇంత అని కొద్దిపాటి పన్ను కట్టి కావలసినంత పోడు (అడవి నరికి, కాల్చి చేసే సాగు) కొట్టుకునేవారు. బదిలీ తర్వాత ఆ పన్ను మూడింతలైంది, కొన్ని అడవుల్లో పోడు నిషేధించారు. 1879 మార్చిలో రంప సీమలో కల్లు పన్ను, కొండ సీమ పెత్తందార్లైన ముఠాదార్ల కష్టాల మీద లేచిన తిరుగుబాటు అదే ఏడాది రేకపల్లికి పాకడానికి ఇదే కారణం. 1882 మద్రాసు అటవీ చట్టం ఆంక్షలను ఇంకా బిగించింది. ఎదుటి గట్టున నిజాం ఇలాకాలోనూ రిజర్వు అడవులు పెరిగాయి. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలో పాల్వంచ అడవుల కొండరెడ్లను అధ్యయనం చేసి, వారి భూమి, శ్రమ బయటివారి చేతికి ఎలా పోతున్నాయో రాశాడు. 1959 నాటి భూ బదలాయింపు నియంత్రణ, 1970లో దానికి చేసిన 1/70 సవరణ ఈ అనుభవం నుంచి పుట్టినవే.

అమెరికా వలసలతో సంబంధం

ఈ హద్దుకు కారణమైన కంపెనీ కథను అమెరికా వలసల కథ పక్కన పెట్టి చూడవచ్చు. అమెరికాలో ఇంగ్లీషువారి తొలి శాశ్వత స్థావరం జేమ్స్‌టౌన్‌ను 1607లో స్థాపించింది వర్జీనియా కంపెనీ. 1611లో మచిలీపట్నంలో ఓడ దిగింది ఈస్టిండియా కంపెనీ. రెండూ రాజపత్రం పుచ్చుకున్న వాటాల కంపెనీలే. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో వలసవాసులు సముద్రంలో పారబోసిన తేయాకు, కొండపల్లి సర్కారును ఏలుతున్న కంపెనీదే. 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్, తర్వాత ఇక్కడ గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. గుంటూరు సర్కారును నిజాం నుంచి రాబట్టినది, బెంగాల్‌లో 1793లో శాశ్వత శిస్తు పెట్టినది ఆయనే. ఆ శిస్తే 1802లో కృష్ణా తీరానికి వచ్చింది. తేడా కూడా పెద్దదే. అక్కడ వలసవచ్చినవారు నేలను ఆక్రమించి స్థిరపడి, మూలవాసులను తరిమారు. ఇక్కడ కంపెనీ రైతును నేల మీదే ఉంచి శిస్తు పిండుకుంది. గోదావరి అడవుల్లో మూలవాసులు పోగొట్టుకున్నది మాత్రం అక్కడి కథకు దగ్గరగా ఉంటుంది.

ఉద్యమాల కాలం

నిజాం రాజ్యంలో సభలకూ పత్రికలకూ ఆంక్షలున్న రోజుల్లో బెజవాడ దగ్గరగా ఉండడం ఈ ప్రాంతానికి బలమైంది. నిజాం రాజ్యపు తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ సమావేశాలు 1934లో పులిజాల వెంకట రంగారావు అధ్యక్షతన, 1945లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఖమ్మంలో జరిగాయి. ఎర్రుపాలెంలో పుట్టిన జమలాపురం కేశవరావు హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నాయకుల్లో అగ్రగణ్యుడు. 1947–48లో నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల దాడులకు జడిసి ఎన్నో కుటుంబాలు హద్దు దాటి కృష్ణా జిల్లాలో తలదాచుకున్నాయి. ఆ వైపున కాంగ్రెస్ సరిహద్దు శిబిరాలు నడిచాయి. కమ్యూనిస్టుల సాయుధ పోరాటానికీ అటునుంచే అండ దొరికింది. పరిటాల ప్రజలు 1947లోనే తమ ఊళ్లను స్వతంత్రంగా ప్రకటించుకున్నారు.

1948 సెప్టెంబరు 13న నిజాం రాజ్యం మీద మొదలైన భారత సైనిక చర్యలో ఒక దళం బెజవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా కదిలింది. 17న నిజాం సేనలు లొంగిపోయాయి. పోరాట దళాలు ఆ తర్వాత పాల్వంచ, ఇల్లందు, గోదావరి అడవులకు చేరాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఆ భారం కోయ గూడేల మీద పడింది.

హద్దు చెరగడం, మళ్లీ పడడం

1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడివడింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, 190 ఏళ్ల హద్దు జిల్లాల హద్దుగా తగ్గిపోయింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో చేరాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు బోనకల్, మధిర పొలాలకూ, నందిగామ పొలాలకూ ఒకే వరుసలో అందాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక బోనకల్ దక్షిణ పొలిమేర తిరిగి రాష్ట్ర సరిహద్దు అయింది. ఆ ఏడాదే పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని 7 మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది.

అధ్యయన ప్రాముఖ్యం

ఈ ప్రాంతపు చరిత్రను ఒక వైపు కాగితాలతో రాస్తే సగమే తెలుస్తుంది. కృష్ణా, గోదావరి జిల్లాల ఇంగ్లీషు రికార్డులు, నిజాం కచేరీల ఫారసీ, ఉర్దూ దస్త్రాలు, మెకెంజీ సేకరించిన గ్రామ వృత్తాంతాలైన కైఫీయతులు, కోయ గూడేల పెద్దల జ్ఞాపకాలు పక్కపక్కన పెట్టి చదవాలి. ఊళ్లలో పాత పట్టాలు, పహాణీలు, హాలీ సిక్కా కాలపు రశీదులు చెదలు పట్టకముందే సేకరించి భద్రపరచడం రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు కలిసి చేయవలసిన పని.