షిల్లింగుల లెక్క తెలిసిన యంత్రాలు

రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు అని లెక్కపెట్టిన తరం మన కుటుంబాలలో ఇంచుమించు వెళ్ళిపోయింది. 1957 ఏప్రిల్ 1న భారతదేశంలో నయా పైసలు వచ్చిన తరువాత పుట్టినవారికి బేడ, ముప్పావలా అనేవి పెద్దల నోట విన్న మాటలే. ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఇక్కడి షిల్లింగు, పెన్నీ కూడ అటువంటివే. అయితే మనుషులు మరచిపోయిన ఈ లెక్కను మరచిపోని వస్తువులు కొన్ని ఈ దేశంలో ఇంకా మిగిలి ఉన్నాయి. అవి పాత కార్యాలయాలలోని కూడికల యంత్రాలు. వాటిని సేకరించి, బాగుచేసి, మళ్ళీ నడిపించే అభిరుచి గలవారు ఇక్కడ కొందరున్నారు. అది కేవలం పాత ఇనుము మీది మోజు కాదనీ, మన పూర్వుల చరిత్రతో దానికి దగ్గర సంబంధం ఉన్నదనీ చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పిల్లల కోసం ఆ లెక్క చెప్పాలి. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు. ఇరవై షిల్లింగులు ఒక పౌండు. అంటే పౌండుకు 240 పెన్నీలు. పద్దు పుస్తకాలలో ఈ మూడు గడుల మీద ఎల్., ఎస్., డి. అని అక్షరాలుండేవి. లాటిన్ భాషలోని లిబ్రా, సాలిడస్, డినేరియస్ అన్న నాణెపు మాటలకు అవి పొడి అక్షరాలు. (అదే పేరు ఒక మత్తుమందుకు రావటం చాలా తరువాతి కథ.) ఒక పద్దు కూడాలంటే కుడి గడిలో పన్నెండు నిండగానే ఒకటి చేతికి తీసుకోవాలి, నడిమి గడిలో ఇరవై నిండగానే ఒకటి, ఎడమ గడిలో మామూలుగా పదికి ఒకటి. మన కరణాలు చిట్టా ఆవర్జాలలో అణా పైలను నోటితో కూడి పడేసినట్లే ఇక్కడి గుమాస్తాలు కూడ కూడేవారు. కాని బ్యాంకులు, రైల్వేలు, పెద్ద దుకాణాలు పెరిగేసరికి నోటి లెక్క చాలలేదు.

1880 దశకంలో అమెరికాలో ఇద్దరు ఈ పనికి పూనుకున్నారు. చికాగోలో డార్ ఫెల్ట్ ఒక మాకరోనీ పెట్టె, చెక్క పుల్లలు, రబ్బరు బ్యాండ్లతో తన మొదటి నమూనా చేశాడు. ఆ పెట్టె ఇప్పటికీ స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రంగా ఉంది. దాని నుంచి వచ్చినదే కాంప్టోమీటర్. సెయింట్ లూయీలో విలియం బరోస్ అనే మాజీ బ్యాంకు గుమాస్తా కాగితం మీద అచ్చువేసే కూడికల యంత్రం చేశాడు. ఇవి పుట్టింది డాలర్ల దేశంలో గనుక వాటి చక్రాలన్నీ పది స్థానాలవే. బ్రిటిష్ సామ్రాజ్యంలో అమ్మాలంటే లోపలి నిర్మాణాన్నే మార్చవలసి వచ్చింది. తరువాత లండన్‌లోని బెల్ పంచ్ కంపెనీ ప్లస్, సమ్‌లాక్ అనే పేర్లతో తానే ఇటువంటి యంత్రాలు తయారుచేసింది.

షిల్లింగుల యంత్రాన్ని చూడగానే పోల్చుకోవచ్చు. మిగతా వరుసలలో తొమ్మిదేసి మీటలుంటే పెన్నీల వరుసలో పదకొండు మీటలుంటాయి. షిల్లింగుల పదుల స్థానంలో ఒకే ఒక్క మీట, ఎందుకంటే షిల్లింగులు పంతొమ్మిదికి మించవు. లోపల పెన్నీల చక్రానికి పన్నెండు స్థానాలు. కాంప్టోమీటరు మీటల మీద పెద్ద అంకె పక్కన చిన్న అంకె ఒకటి ఉంటుంది. అది తీసివేతకు. మామూలు వరుసలో రెండు అంకెలూ కలిపితే తొమ్మిది, పెన్నీల వరుసలో పదకొండు. ఈ యంత్రం మీద వేళ్ళు వేగంగా నడపటానికి ప్రత్యేక శిక్షణ ఉండేది. సిడ్నీ, మెల్బోర్న్ నగరాలలో ఎందరో యువతులు ఆ విద్య నేర్చి కాంప్టోమీటర్ ఉద్యోగాలు చేశారు. వారి నైపుణ్యం గురించి వ్రాసినవారు తక్కువ. యంత్రాన్ని దాచుకున్నవారైనా ఆ వేళ్ళను తలచుకోవాలి.

1966 ఫిబ్రవరి 14, సోమవారం నాడు ఆస్ట్రేలియాలో డాలర్లు, సెంట్లు వచ్చాయి. 1963లో ఆ నాణేనికి మొదట ‘రాయల్’ అని పేరు పెట్టబోయి, జనం నవ్వేసరికి మానుకున్నారు. పౌండుకు రెండు డాలర్లు, షిల్లింగుకు పది సెంట్లు. డెసిమల్ కరెన్సీ బోర్డు రేడియోలో, టెలివిజన్‌లో డాలర్ బిల్ అనే బొమ్మ మనిషి చేత పాటలు పాడించి జనానికి లెక్క నేర్పింది. కాని యంత్రానికి పాట నేర్పలేం కదా! దేశంలోని కూడికల యంత్రాలు, నగదు రిజిస్టర్లు లోపలి భాగాలు మార్పించుకోవాలి, లేదా మూలపడాలి. మార్చే ఖర్చు ప్రభుత్వం భరించింది, మార్చటానికి తగని పాతవాటికి పరిహారం ఇచ్చింది. ఆ విధంగా పెన్నీల చక్రాలు ఊడదీసి పది స్థానాల చక్రాలు బిగించారు, మిగిలినవి చెత్తకు పోయాయి. మార్పుకు చిక్కకుండా ఏ షెడ్డులోనో, ఏ గ్రామీణ దుకాణం అటక మీదనో నిలిచిపోయినవే నేడు అపురూపమైనవి.

ఇక మన సంగతి. ఆస్ట్రేలియాలోని తెలుగు కుటుంబాలలో ఫిజీ నుంచి వచ్చినవారు, ముఖ్యంగా 1987 కుట్రల తరువాత తరలివచ్చినవారు, చాలామంది ఉన్నారు. 1879 నుంచి 1916 దాకా 60 వేలకు పైగా భారతీయులను గిర్మిట్ ఒప్పందం మీద ఫిజీకి తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవారిలో మన తెలుగువారున్నారు. ఎక్కువమంది పనిచేసింది సిడ్నీలో ప్రధాన కార్యాలయం గల కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ చెరకు తోటలలో. ఒప్పందం ప్రకారం రోజుకు మగవానికి ఒక షిల్లింగు, ఆడదానికి తొమ్మిది పెన్నీలు. వారానికి అయిదున్నర రోజుల పని. ఇది కాగితం మీది మాట. అప్పజెప్పిన పని పూర్తికాకపోతే ఆ కూలి కూడ చేతికి రాదు.

షిల్లింగుల యంత్రం మీద ఈ లెక్క వేసి చూడండి. మగవానికి వారానికి 5 షిల్లింగుల 6 పెన్నీలు, ఏడాదికి 14 పౌండ్ల 6 షిల్లింగులు. స్త్రీకి వారానికి 4 షిల్లింగుల ఒకటిన్నర పెన్నీ, ఏడాదికి 10 పౌండ్ల 14 షిల్లింగుల 6 పెన్నీలు. ఒక్క రోజు కూడ నాగా లేకుండా, ఒక్క జబ్బు కూడ చేయకుండా పనిచేస్తే! అదే కూలిని సెంట్లలోకి మార్చితే తొమ్మిది పెన్నీలు ఏడున్నర సెంట్లవుతాయి. అర సెంటు నాణెం ఆస్ట్రేలియాలో లేదు. 1966లో మార్చిన యంత్రం మీద మన ముత్తవ్వ దినకూలిని ఉన్నదున్నట్లు నొక్కటానికి మీట లేదు. మార్చని యంత్రం మీద ఉంది. చేతితో వ్రాసినా, యంత్రంతో కూడినా నాటి పద్దుల భాష అదే. ఫిజీలో కూడ 1969 జనవరి 13 వరకు, డాలరు వచ్చేదాకా, చెరకు బాకీలూ దుకాణపు అప్పులూ అన్నీ ఆ మూడు గడులలోనే నడిచాయి.

అందుచేత సేకరించేవారికి నాదొక మనవి. షిల్లింగుల యంత్రం దొరికితే నడిచేటట్లు చేయండి గాని, కొత్త దానిలా మెరిపించకండి. సామాన్యంగా అవి పాడై ఉండవు, పట్టేసి ఉంటాయి. దశాబ్దాల కిందటి నూనె ఎండి జిగురై మీటలను పట్టుకుంటుంది. బలవంతంగా నొక్కితే విరిగేది సన్నని లోహపు కడ్డీ, అది బజారులో దొరకదు. పై మూత తీసి, ప్రతి దశలోనూ ఫోటో తీసుకుని, తగిన ద్రావకంతో కొద్దికొద్దిగా జిగురు కరిగించి, ఒక రోజు ఆగి, కుట్టుమిషను నూనె చుక్క మాత్రం వేయాలి. స్ప్రింగులను లాగి చూడకూడదు. రబ్బరు కాళ్ళు గట్టిపడి ఉంటే మార్చవచ్చు. మీటల మీద అరిగిన అంకెలకు మాత్రం రంగు వేయవద్దు. ఏ అంకె ఎక్కువ అరిగిందో అదీ ఒక చరిత్రే. ఏదైనా భాగం మార్చితే పాతది ఒక సంచిలో పెట్టి, తేదీ వ్రాసి, యంత్రంతోనే ఉంచాలి.

బాగుపడిందో లేదో తెలుసుకోవటానికి ఒక పరీక్ష ఉంది. పౌండ్ల స్థానాలన్నిటిలో తొమ్మిదులు, షిల్లింగులలో పంతొమ్మిది, పెన్నీలలో పదకొండు నింపి, ఒక్క పెన్నీ కలపాలి. చేతికి ఒకటి, చేతికి ఒకటి అంటూ కుడి నుంచి ఎడమకు చక్రాలన్నీ దొర్లి సున్నలు నిలవాలి. ఏ స్థానంలో ఆగిపోతే జిగురు అక్కడ ఉన్నట్లు. ఆ చప్పుడు విన్న పిల్లలు మళ్ళీ మళ్ళీ చేయమంటారు.

ఎలక్ట్రానిక్ యుగంలోని వడ్డీ లెక్కల యంత్రాలకు కూడ అభిమానులున్నారు. 1973 నాటి హ్యూలెట్ ప్యాకర్డ్ 80, 1981 నాటి 12సి అటువంటివి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, వాయిదాలెన్ని అని చెబితే నెలసరి కట్టవలసినది ఇట్టే చెబుతాయి. ఇల్లు కొనేవారికి అంతకంటె ఏం కావాలి! వాటికి ముఖ్య శత్రువు కారిన బ్యాటరీ. వాడకుండా దాచేటప్పుడు బ్యాటరీ తీసివేస్తే సగం పని అయినట్లే. వాటి సంగతి వేరొక వ్యాసానికి విడిచిపెడుతున్నాను.

ఇటువంటి యంత్రాలు మెల్బోర్న్‌లో మ్యూజియమ్స్ విక్టోరియా వారి వద్ద, సిడ్నీలో పవర్‌హౌస్ సంగ్రహాలయంలో ఉన్నాయి. షుగర్ కంపెనీ పాత దస్తావేజులు కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వారి నోయెల్ బట్లిన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ పద్దులు చూడబోయేవారు ముందుగా మూడు గడుల కూడిక ఇంట్లో నాలుగు రోజులు అభ్యాసం చేసి వెళ్ళటం మంచిది. బంధువుల షెడ్డులో పదకొండు మీటల వరుస గల యంత్రం ఏదైనా కనబడితే, మీట నొక్కి చూడకముందే మూత తీసి లోపల చూడండి.