తెలిసిన విద్యకు పేటెంటు: గంజాయి మిఠాయి చెప్పే పాఠము

ఎండకాలము తొలిరోజులలో దుమ్ముగూడెం ప్రాంతపు అడవికి తెల్లవారకముందే వెళ్లినచో ఇప్పచెట్ల క్రింద జనసంచారము కనిపించును. రాత్రి విచ్చి వేకువకు రాలిన లేతపసుపు పూలను కోయ స్త్రీలు, పిల్లలు బుట్టలకు ఎత్తుచుందురు. ఆ పూలను ఎండబెట్టి దాచుకొందురు, ఉడికించి తిందురు, సారా కాచుదురు. గింజల నుండి నూనె తీయుదురు. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో గిరిజన మహిళల సహకార సంఘము ఈ పువ్వుతో లడ్డులు చేసి అమ్ముచున్నది.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకొందము. ఎక్కడో దూరదేశమున ఒక సంస్థ ఇప్పపువ్వు లడ్డును తానే కనుగొన్నానని చెప్పి పేటెంటు పొందగలదా? పొందినచో, అది మా అవ్వలకే తెలుసునని ఎవరు, ఏ ఆధారముతో నిరూపించవలెను?

ఇది కేవలము ఊహ కాదు. ఇటువంటి ప్రశ్న మరొక మొక్క విషయమున ప్రపంచము ముందుకు వచ్చినది. ఆ మొక్క గంజాయి. భద్రాచలము పరిసరములలో గంజాయి పేరు వినిపించినచో చెక్‌పోస్టులు, కేసులు గుర్తుకు వచ్చును. మనకిక్కడ కావలసినది ఆ మత్తు కాదు, దాని చుట్టూ అల్లుకొన్న చట్టపు చిక్కు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 2014లో గంజాయి చిల్లర అమ్మకములు చట్టబద్ధమైనవి. కెనడాలో 2018లో గంజాయి, 2019లో గంజాయి కలిపిన ఆహారములు చట్టబద్ధమైనవి. చాక్లెట్లు, బిస్కెట్లు, పానీయములు తయారుచేయు సంస్థలు పేటెంట్ల కొరకు బారులు తీరినవి. అప్పుడు పరీక్షాధికారుల ముందు నిలిచిన ప్రశ్న ఇది: వేల యేండ్లుగా మనుష్యులు తినుచున్న దానిలో కొత్తదనమేమున్నది?

మూడు పరీక్షలు

పేటెంటు అనగా ఒక కొత్త విషయమును కనుగొన్నవానికి, దానిని లోకమునకు వివరముగా వెల్లడించినందుకు ప్రతిఫలముగా, కొంతకాలము ప్రభుత్వము ఇచ్చు ప్రత్యేక హక్కు. మన దేశమున ఆ గడువు 20 సంవత్సరములు. ఈ హక్కు పొందుటకు మూడు పరీక్షలలో నెగ్గవలెను. మొదటిది, ఆ విషయము కొత్తది కావలెను. రెండవది, ఆ విద్యలో ఆరితేరినవానికి తనంతట తోచునది కాకూడదు. మూడవది, పరిశ్రమలో వాడుటకు పనికిరావలెను. రెండవ పరీక్షయే అన్నిటికన్న కఠినమైనది. దానిని ఈ వ్యాసములో 'ఊహకందకుండుట' అని పిలుచుకొందము.

ఈ భావన ఒక తలుపు పిడితో స్పష్టరూపము పొందినది. అప్పటికి లోహముతోను, కొయ్యతోను చేయుచున్న తలుపు పిడిని కొందరు మట్టితో కాల్చి చేసి పేటెంటు పొందినారు. 1851లో అమెరికా సుప్రీంకోర్టు ఆ హక్కును తోసిపుచ్చినది. ఒక పదార్థమునకు బదులు మరొకటి వాడుట నేర్పుగల పనివాని పనియే గాని ఆవిష్కర్త పని కాదన్నది. ఆ దేశపు 1952 నాటి చట్టము ఈ సూత్రమును శాసనముగా మార్చినది. 1966లో అదే కోర్టు దానిని పరీక్షించు పద్ధతిని చెప్పినది: మునుపు తెలిసినదేమి, కొత్తగా చెప్పుచున్నదేమి, ఆ రంగపు పనివాని నేర్పు ఎంత అని వరుసగా చూడవలెను. ఇతరులు ప్రయత్నించి విఫలమైనారా, చాలకాలముగా తీరని అవసరమును ఇది తీర్చినదా అనునవి తోడ్పాటు సాక్ష్యములు.

మన సుప్రీంకోర్టు కూడ 1978లో ఈ విషయమున తీర్పు చెప్పినది. మీర్జాపూరులోని ఒక సంస్థ, పాత్రలను తరిమెన పట్టునప్పుడు వాటిని పట్టి ఉంచు సాధనమునకు 1951 నాటి పేటెంటు పొందియుండెను. పాత సాధనమునకు చిన్న మార్పు చేసినంతనే అది ఆవిష్కరణ కాజాలదని కోర్టు ఆ పేటెంటును నిలువనీయలేదు. తలుపు పిడి అయినను, పాత్రల సాధనమైనను, న్యాయము ఒకటే: పనివాని నేర్పు వేరు, ఆవిష్కర్త ఊహ వేరు.

నెయ్యి చెప్పిన సాక్ష్యము

ఈ గీటురాయి మీద గంజాయి మిఠాయిని గీచి చూతము. గోవాలో నివసించిన పోర్చుగీసు వైద్యుడు గార్షియా ద ఓర్తా 1563లో అచ్చైన గ్రంథమున, భంగును చక్కెరతోను, సుగంధద్రవ్యములతోను కలిపి తిను ఆచారమును వర్ణించినాడు. కలకత్తా వైద్యకళాశాల ఆచార్యుడు ఓషానెసీ 1839లో చదివిన పత్రమున 'మాజూన్' అను మిఠాయిని గురించి వివరముగా వ్రాసినాడు. ఆకులోని సారమును నెయ్యిలోనికి దింపి, ఆ నేతిని చక్కెర, పాలతో కలిపి బిళ్లలుగా కోయుదురని అందు కలదు. 1893లో నియమింపబడిన భారత గంజాయి విచారణ సంఘము 1,193 మంది సాక్షులను విచారించి మరుసటి సంవత్సరము తన నివేదికను సమర్పించినది.

నేతినే ఎందుకు వాడినారు? దీనికి సమాధానము రసాయనశాస్త్రము చాల ఆలస్యముగా చెప్పినది. గంజాయిలోని మత్తు పదార్థపు నిర్మాణమును 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు గావోని, మెకూలమ్ నిర్ణయించినారు. దానిని పొడిగా 'టి.హెచ్.సి.' అందురు. అది నీటిలో దాదాపు కరుగదు, కొవ్వులో కరుగును. పచ్చి ఆకులో అది ఆమ్లరూపమున ఉండును. వేడి తగిలినప్పుడు బొగ్గుపులుసు వాయువు విడిపోయి మత్తునిచ్చు రూపమునకు మారును. అనగా కలకత్తా మిఠాయివాడు కారణము తెలియకయే సరియైన ద్రావణిని, సరియైన వేడిని ఎన్నుకొన్నాడు.

విద్యార్థులు ఇచ్చట ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఒక పాత పద్ధతి ఎందుకు పనిచేయునో కనుగొనుట గొప్ప విజ్ఞానమే. కాని ఆ కారణము తెలిసినంత మాత్రమున ఆ పద్ధతి మన ఆవిష్కరణ కాజాలదు. నేతికి బదులు వెన్న, పాలబిళ్లకు బదులు చాక్లెట్ బిళ్ల పెట్టినచో అది మట్టి తలుపు పిడి కథయే.

మరి గంజాయి ఆహారమునకు పేటెంటు అసాధ్యమా? కాదు. కొవ్వులో కరుగు పదార్థమును నీటిలో సమముగా చెదరి నిలుచునట్లు చేయుట వేరు సమస్య. ఒక మిశ్రమము ఆ రంగపు నిపుణుడు ఎదురుచూడని ఫలితమునిచ్చి, ఆ ఫలితము కొలతలతో, పోలిక ప్రయోగములతో నిరూపింపబడినచో వాదము నిలువవచ్చును. 'మా పానీయము రుచిగా ఉన్నది' అనుట చాలదు. 'పాత పద్ధతిలో ఇంత, మా పద్ధతిలో ఇంత. ఈ తేడాను ఎవరును ఊహించియుండరు' అని చూపవలెను. ప్రయోగశాలలో రెండు పరీక్షనాళికలను ప్రక్కప్రక్కన ఉంచి పోల్చునట్లే ఇదియును.

నిషేధము తెచ్చిన చిక్కు

గంజాయి విషయమున ఇంకొక వింత ఉన్నది. అమెరికాలో 1937 నుండి అది చట్టరీత్యా అణగద్రొక్కబడినది. దొంగచాటుగా చేయు పనిని ఎవరును పుస్తకములో వ్రాయరు, పత్రికలో అచ్చువేయరు. కనుక ఎన్నో యిండ్లలో వాడుకలో ఉన్న పద్ధతులకు కాగితపు సాక్ష్యము అరుదు. పేటెంటు పరీక్షాధికారి ప్రధానముగా వెదకునది కాగితములనే. కాగితము దొరకనప్పుడు పాతది కూడ కొత్తదిగా కనిపించు ప్రమాదమున్నది. 2018లో కొలరాడోలో గంజాయి ద్రవ మిశ్రమపు పేటెంటు మీద ఒక వ్యాజ్యము నడిచినది. హక్కుదారైన సంస్థ 2020లో దివాలాకు పోవుటతో, అది ఊహకందునదా కాదా అను మూలప్రశ్నకు తీర్పు రాకముందే వ్యాజ్యము ముగిసినది.

ఇటువంటి చిక్కునే మనము పసుపు విషయమున స్వయముగా అనుభవించినాము. పుండుమీద పసుపు అద్దుట ఎరుగని తెలుగు ఇల్లు ఉండదు. అయినను 1995లో, గాయములను మాన్పుటకు పసుపు వాడు పద్ధతికి 5,401,504 సంఖ్యగల అమెరికా పేటెంటు మిస్సిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు దక్కినది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దీనిని సవాలు చేసినది. 'మా యింటింట తెలుసును' అను వాదము అక్కడ చెల్లలేదు. ఎందుకనగా, పరదేశములో కేవలము వాడుకలో ఉండుటను నాటి అమెరికా చట్టము పాత విద్యగా లెక్కించెడిది కాదు. అది అచ్చులో ఉండవలెను. మండలి సంస్కృత, హిందీ, ఉర్దూ గ్రంథముల నుండియు, 1953 నాటి ఒక భారతీయ వైద్యపత్రిక నుండియు మొత్తము 32 ఆధారములు సమర్పించినది. 1997లో పేటెంటు రద్దయినది. గెలిచినది పసుపు కాదు, పసుపును గురించి వ్రాసిన కాగితము.

ఐరోపాలో నియమము కొంత వేరు. అక్కడ ప్రపంచములో ఎక్కడ బహిరంగముగా వాడినను అది పాత విద్యయే. వేపనూనె శిలీంధ్రనాశకముపై ఇచ్చిన పేటెంటును ఐరోపా పేటెంటు కార్యాలయము 2000లో రద్దుచేసినది. 2005లో అప్పీలు కూడ వీగిపోయినది. అమెరికా సైతము 2011 నాటి సంస్కరణతో, 2013 నుండి పరదేశపు వాడుకను పరిగణించుచున్నది. అయినను వాడుకను నిరూపించుటకు మరల సాక్ష్యమే కావలెను గదా!

మన చట్టములు

మన 1970 పేటెంటు చట్టము 1972లో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఆహారమునకు గాని, ఔషధమునకు గాని తయారీ పద్ధతిపై మాత్రమే పేటెంటు దొరికెడిది, వస్తువుపై దొరికెడిది కాదు. 2005 నుండి వస్తువులకును ఇచ్చుచున్నారు. కాని రెండు కంచెలు ఉన్నవి. 3(ఇ) విభాగము ప్రకారము, కలిపిన పదార్థముల గుణములు కేవలము కూడికగా మాత్రమే ఉండు మిశ్రమము ఆవిష్కరణ కాదు. 3(పి) విభాగము ప్రకారము సంప్రదాయ విజ్ఞానము ఆవిష్కరణ కాదు. కనుక భంగు లడ్డు ఈ కంచెలను దాటలేదు. మత్తుపదార్థముల విషయమున 1985 నాటి చట్టము వేరుగా ఉండనే ఉన్నది. అంతేగాక 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము మన జీవవనరులపై పరిశోధించి పేటెంటు కోరువారు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ విషయమున నిర్దేశించిన నియమములను పాటించవలెను.

2001లో ప్రారంభమైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయము మన పాత వైద్యగ్రంథములలోని యోగములను విదేశీ భాషలలోనికి మార్చి విదేశ పేటెంటు పరీక్షాధికారులకు అందుబాటులో ఉంచినది. ఇది ఎంతో మేలు. అయితే దాని మూలధనము గ్రంథములు. గ్రంథమే లేని విద్య మాటేమి?

తిరిగి దుమ్ముగూడెమునకు

ఇప్పుడు ఇప్పచెట్టు క్రిందికి తిరిగి వత్తము. కోయవారి విద్య తరతరములుగా నోటిమాటగానే వచ్చినది. దుమ్ముగూడెమున నివసించిన క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ 1870వ దశకమున భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గురించి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో వ్యాసములు వ్రాసినాడు. అటువంటి పాత అచ్చు కాగితములు నేడు చట్టము దృష్టిలో సాక్ష్యములు కాగలవు. కాని బయటివాడు చూచి వ్రాసినది ఎంత? అవ్వకు తెలిసినది ఎంత?

ఒక ఉదాహరణతో మన పరీక్షను ముగింతము. ఇప్పపువ్వులో బెల్లము కలిపి లడ్డు కట్టుట పాత విద్య. దానికి నువ్వులు చేర్చుట కూడిక. ఎండిన ఇప్పపువ్వు చక్కెర ఎక్కువగా గలది గనుక తేమను పీల్చుకొని చెడును. దానిని వానకాలమంతయు చెడకుండ నిలుపు పద్ధతిని, ఎవరును ఊహించని రీతిలో ఒకరు కనుగొని కొలతలతో చూపినచో అది ఆవిష్కరణ కావచ్చును. ఆ ఒకరు మన గిరిజన ఉన్నతపాఠశాల విద్యార్థియే ఎందుకు కాకూడదు?

జీవవైవిధ్య చట్టము క్రింద ప్రతి స్థానిక సంస్థ పరిధిలోను 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు' తయారుకావలెను. ఉపాధ్యాయులు, విద్యార్థులు దీనికి తోడ్పడవచ్చును. ఒక జాగ్రత్త అవసరము. అచ్చైన విద్యను ఇతరులు తమదని చెప్పుకొనలేరు. కాని అచ్చైన తరువాత దానిని రహస్యముగా ఉంచుకొనుటయు కుదరదు. ఏది వ్రాయవలెను, ఏది వ్రాయరాదు అను నిర్ణయము ఆ విద్య గలవారిదే. వారు వల్లెయన్న దానిని, చెప్పినవారి సమ్మతితో, చెప్పిన ఊరిని, తేదీని తప్పక చేర్చి వ్రాయుడు. తేదీ లేని జ్ఞాపకము న్యాయస్థానములో నిలువదు.