వయ్యారిభామ మన పచ్చికలోకి ఎలా వచ్చింది?



పోయిన వేసవిలో మన సంఘ భవనం ముందున్న లాన్‌ను మనమే పాడుచేసుకున్నాం. ట్యాంకర్ ఖర్చు ఎక్కువని నెలలపాటు నీళ్లు పెట్టలేదు. పైగా పొట్టిగా ఉంటే అందంగా ఉంటుందని గడ్డిని నేలకంటా కోయించాం. గరిక మాడిపోయి అక్కడక్కడా మట్టి తేలింది. తొలి వానలకు ఆ ఖాళీల్లో క్యారెట్ ఆకులాంటి మొక్కలు లేచాయి. మాలి చేత వాటిని వట్టి చేతులతో పీకించాం. వారం తిరక్కుండా ఆయన చేతులూ మెడా దద్దుర్లతో వాచిపోయాయి. ఆ తప్పు మనది. అందుకే ఈసారి ఎండలు ముదరకముందే ఈ మొక్క చరిత్ర రాస్తున్నాం.

దీని పేరు పార్థీనియం. తెలుగులో వయ్యారిభామ, మరాఠీలో గాజర్ గవత్. ఇక్కడ బెంగళూరులో కాంగ్రెస్ గిడ అంటారు. పుట్టిల్లు మెక్సికో సింధుశాఖ ప్రాంతం.

అమెరికా పీఎల్-480 గోధుమలతో ఇది మన దేశానికి వచ్చిందని చిన్నప్పటినుంచీ వింటున్నాం. తేదీలు చూస్తే కథ అంత తిన్నగా లేదు. ఆ ఒప్పందం మీద సంతకాలు పడింది 1956 ఆగస్టులో. పుణెలో ఈ మొక్క కనబడిందని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం వచ్చిందీ 1956లోనే. అంటే ఆ ఓడలు బారులు తీరకముందే మొక్క పుణెలో ఉంది. ఇంకా వెనక్కి వెళితే, 1814లో అచ్చయిన కలకత్తా తోట మొక్కల జాబితాలోనూ దీని పేరు ఉంది. ఆ జాబితా రాసిన రాక్స్‌బర్గ్ మనకు కొత్తవాడు కాడు. అంతకుముందు సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ మొక్కలకు తెలుగు పేర్లు కూడా నమోదు చేసినవాడు. గోధుమలతో విత్తనాలు మరిన్ని వచ్చి ఉండవచ్చు. తప్పంతా ఓడల మీదే నెట్టేయలేం.

వచ్చిన తర్వాత పాకిన వేగమే అసలు సంగతి. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. 1970లలో పుణె వైద్యులు దీనివల్ల వచ్చే చర్మవ్యాధి గురించి రాశారు. కర్ణాటక ప్రభుత్వం 1975లో దీన్ని హానికర కలుపుగా ప్రకటించింది. అయినా ఖాళీ సైట్లలో అది అలాగే పెరిగింది.

1983లో శాస్త్రవేత్తలు మెక్సికో నుంచి జైగోగ్రామా అనే పెంకు పురుగును తెప్పించారు. పరీక్షించి 1984లో బెంగళూరు పరిసరాల్లో వదిలారు. అది వయ్యారిభామ ఆకుల్ని జల్లెడ చేసేస్తుంది. తర్వాత కొన్నేళ్లకు పొద్దుతిరుగుడు మీద వాలిందని రైతులు కలవరపడ్డారు. విచారణ జరిగాక ఆ భయం తగ్గింది. ఈ పురుగు వానాకాలంలో పనిచేస్తుంది, ఎండాకాలం మట్టిలో నిద్రపోతుంది. మనం లాన్ తడిపే నెలల్లో అది సాయానికి రాదు.

కాబట్టి వేసవి పని మనదే. నర్సరీలో బెర్ముడా గ్రాస్ అని అమ్మేది వినాయకుడికి పెట్టే మన గరికే. అది ఒత్తుగా అల్లుకున్నచోట వయ్యారిభామకు మొలిచే సందు తక్కువ. వేసవిలో గడ్డిని కాస్త ఎత్తుగానే ఉంచాలి, ఒక్కసారిగా మూడో వంతుకు మించి కోయకూడదు. రోజూ పైపైన చిలకరించే బదులు, రెండు మూడు రోజులకోసారి తెల్లవారుజామున వేరుదాకా తడిసేలా పెట్టాలి. మట్టి తేలినచోట వెంటనే గరిక నాటాలి.

మొలిచిన వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి. మెషిన్‌తో పైపైన కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పూత వచ్చినదాన్ని ఎరువు గుంతలో వేయొద్దు. పీకేవారికి చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. వాటి ఖర్చు సంఘానిదే కావాలి, మాలి జేబులోది కాకూడదు.

మన తాతలూ ఎక్కడినుంచో వచ్చి ఈ ఊళ్లో నిలదొక్కుకున్నవాళ్లే. పరాయి మొక్క అని దీన్ని తిట్టడం మనకు నప్పదు. తోటివాటిని బతకనివ్వదు, ముట్టినవాళ్ల ఒళ్లు కాలుస్తుంది. మన ఫిర్యాదు అంతే. దానికి చోటిచ్చింది మాత్రం మనమే. ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు అందరం వద్దాం. తొడుగులు సంఘం తెస్తుంది. మాలి ఆరోజు మనకు పని చూపిస్తే చాలు.