మూడు పేజీలు, 70 వేల కోట్ల డాలర్లు

ఈ ఎపిసోడ్‌లో ఒక మూడు పేజీల కాగితం గురించి మాట్లాడుకుందాం.

2008 సెప్టెంబర్. అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసి వారం కూడా కాలేదు. ఆర్థిక మంత్రి హెన్రీ పాల్సన్ అక్కడి పార్లమెంటుకి, అంటే కాంగ్రెస్‌కి, ఒక ప్రతిపాదన పంపాడు. బ్యాంకుల దగ్గర పేరుకుపోయిన చెత్త ఇంటి లోన్ల ఆస్తులు కొనాలి, 700 బిలియన్ డాలర్లు ఇవ్వండి అని. మన లెక్కలో 70 వేల కోట్ల డాలర్లు. మనం చదవకుండానే ఓకే కొట్టే యాప్ కండిషన్స్ కూడా మూడు పేజీల కంటే పొడుగుంటాయి!

అసలు విషయం 8వ సెక్షన్‌లో ఉంది. మంత్రి తీసుకునే నిర్ణయాల్ని ఏ కోర్టూ, ఏ ప్రభుత్వ సంస్థా సమీక్షించకూడదట. నేను కోడ్ రాసే రోజుల్లో ప్రొడక్షన్‌లో ఒక్క లైన్ మార్చినా ఎవరు మార్చారో లాగ్‌లో పడేది. ఇక్కడ పాల్సన్ అడిగింది ఫుల్ అడ్మిన్ యాక్సెస్, పైగా లాగ్స్ ఆఫ్.

జనం మండిపడ్డారు. సెప్టెంబర్ 29న దిగువ సభ 228-205 ఓట్లతో బిల్లుని కొట్టేసింది. ఆ రోజే డౌ జోన్స్ 777 పాయింట్లు పడింది. భయం పట్టుకుంది. అక్టోబర్ 3న బిల్లు పాసైంది కానీ అప్పటికి 400 పేజీలు దాటింది. కాపలాకి ఒక స్పెషల్ ఇన్‌స్పెక్టర్ జనరల్‌నీ, ఒక పర్యవేక్షణ ప్యానెల్‌నీ పెట్టారు. ఆ ప్యానెల్‌కి ఛైర్ ఎలిజబెత్ వారెన్.

పది రోజులకే ప్లాన్ మారిపోయింది. చెత్త ఆస్తులు కొనడం పక్కనపెట్టి, తొమ్మిది పెద్ద బ్యాంకుల అధిపతుల్ని పిలిచి నేరుగా 125 బిలియన్ డాలర్ల పెట్టుబడి పెట్టేశారు. ఆ డబ్బుతో ఏం చేశారో చెప్పాలన్న షరతు లేదు. ఇన్‌స్పెక్టర్ జనరల్ నీల్ బరోఫ్‌స్కీ ఇదే అడిగితే, డబ్బు డబ్బులో కలిసిపోతుంది, ట్రాక్ చేయలేం అన్నారు ఆర్థిక శాఖ వాళ్లు. ఆయన ఊరుకోలేదు. 300కి పైగా బ్యాంకులకి స్వయంగా ఉత్తరాలు రాశాడు. దాదాపు అందరూ జవాబిచ్చారు! కొందరు అప్పులిచ్చామన్నారు, కొందరు పాత బాకీలు తీర్చామన్నారు, కొందరు వేరే బ్యాంకుల్ని కొన్నామన్నారు. అంటే ట్రాక్ చేయలేకపోవడం కాదు, అడగలేదు అంతే.

ఇదంతా కాంగ్రెస్ ఇచ్చిన డబ్బు సంగతి. ఫెడరల్ రిజర్వ్ విడిగా ఇచ్చిన అత్యవసర అప్పుల పేర్లు ఇంకా గుట్టుగానే ఉన్నాయి. బ్లూమ్‌బర్గ్ రిపోర్టర్ మార్క్ పిట్‌మన్ సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. ఇవ్వలేదు. 2008 నవంబర్‌లో బ్లూమ్‌బర్గ్ కోర్టుకెళ్లింది. పేర్లు బయటపెడితే జనం ఆ బ్యాంకుల మీద పడి డబ్బు లాగేస్తారన్నది ఫెడ్ వాదన. సంక్షోభం నడిచే వారంలో ఆ మాటలో న్యాయం ఉంది, నేను కాదనను. రెండేళ్ల తర్వాత కూడా అదే పాటా? 2009 ఆగస్టులో బ్లూమ్‌బర్గ్ గెలిచింది. ఫెడ్ అప్పీలు చేసింది. ఆ నవంబర్‌లో పిట్‌మన్ చనిపోయాడు. 2011 మార్చిలో సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించాక, సుమారు 29 వేల పేజీలు బయటికొచ్చాయి. అడిగినవాడు చూడలేదు. చూస్తే, పెద్దగా అప్పు తీసుకున్నవాళ్లలో బెల్జియం బ్యాంకు డెక్సియా ఉంది. లిబియా కేంద్ర బ్యాంకుకి వాటా ఉన్న అరబ్ బ్యాంకింగ్ కార్పొరేషన్ కూడా ఉంది.

"బ్రో, డబ్బు తిరిగొచ్చింది కదా" అని కామెంట్ పెడతారు, తెలుసు. నిజమే, బ్యాంకుల్లో పెట్టిన సుమారు 245 బిలియన్లకి 275 దాకా వెనక్కొచ్చాయి. కానీ పోతే పోయేది ఎవరి డబ్బు? రిస్క్ తీసుకున్నవాడికి లెక్క అడిగే హక్కు లేదా?

మన దగ్గరా ఇదే గొడవ. బ్యాంకుల తనిఖీ రిపోర్టులు ఆర్టీఐలో అడిగితే, బ్యాంకులు నమ్మకంతో ఇచ్చిన సమాచారం అంటూ రిజర్వ్ బ్యాంక్ నిరాకరించేది. 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. 2017లో ప్రభుత్వ బ్యాంకులకి 2.11 లక్షల కోట్ల రూపాయల మూలధనం ప్రకటించారు. 2019 ఏప్రిల్‌లో, తీర్పు ఇచ్చి మూడేళ్లు దాటాక, అదే కోర్టు రిజర్వ్ బ్యాంక్‌కి ఇదే ఆఖరి అవకాశం అని హెచ్చరించాల్సి వచ్చింది.