కశ్మీర్‌లో ఆకులు ఎర్రబడే వేళ: పిల్లాపెద్దలతో చూడదగ్గ చినార్ తోటలు

హిమాలయాల్లో ఆకురాలే కాలపు రంగులు చూడాలంటే కొండలెక్కి అడవుల్లోకి వెళ్లాలని చాలామంది అనుకుంటారు. కశ్మీర్ లోయలో పరిస్థితి వేరు. అక్కడ ఎర్రటి రంగులకు పేరుపడ్డ చినార్ అడవి చెట్టు కాదు. తోటల్లో, దర్గాల దగ్గర, ఊళ్ల మధ్య మనుషులు నాటి పెంచిన చెట్టు. అందువల్ల శ్రీనగర్‌లో కారు దిగి కాస్త దూరం నడిస్తే చాలు. వృద్ధులు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలకు ఇది పెద్ద వెసులుబాటు.

ఎప్పుడు వెళ్లాలి?

కశ్మీరీలు ఈ రుతువును ‘హరుద్’ అంటారు. పగటి పొద్దు తగ్గి, రాత్రి చలి పెరిగేకొద్దీ ఆకుల్లోని పత్రహరితం నశిస్తుంది. అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు రంగు బయటపడుతుంది. ఆ తర్వాత ఆకులో మిగిలిన చక్కెరల సాయంతో ఆంథోసయనిన్ అనే వర్ణకం తయారై ఎరుపు వస్తుంది. ఈ మార్పు సాధారణంగా అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ మధ్య వరకు బాగా కనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాల కుటుంబాలకు చిక్కంతా ఇక్కడే. పిల్లలకు సెలవులు దొరికేది దసరాకు. అప్పటికి చినార్లు చాలావరకు పచ్చగానే ఉంటాయి. ఎర్రటి ఆకులే చూడాలనుకుంటే దీపావళి ఆలస్యంగా వచ్చే ఏడాది ఆ సెలవుకు మరికొన్ని రోజులు కలుపుకోవడం మేలు.

ఎక్కడెక్కడ?

నసీం బాగ్: హజ్రత్‌బల్ దర్గా పక్కన, కశ్మీర్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న మొఘలుల కాలపు చినార్ వనం. నేల చదునుగా ఉంటుంది, మెట్ల బెడద లేదు. మోకాళ్ల నొప్పులున్నవారికి, చంటిపిల్లలున్నవారికి మొదట చెప్పాల్సిన చోటు ఇదే.

షాలిమార్ బాగ్: జహంగీర్ 1619లో కట్టించిన తోట. నీటి కాలువ వెంట నెమ్మదిగా నడవవచ్చు. ఎత్తు తక్కువ కాబట్టి పెద్దవాళ్లకు శ్రమ ఉండదు.

నిషాత్ బాగ్: నూర్జహాన్ సోదరుడు ఆసఫ్ ఖాన్ 1633లో కట్టించాడు. జబర్వాన్ కొండ వాలున 12 అంచెలుగా ఉంటుంది. పై అంచెల నుంచి దాల్ సరస్సు చక్కగా కనిపిస్తుంది కానీ మెట్లెక్కాలి. ఎక్కలేనివారు కింది అంచెల్లో కూర్చున్నా చినార్ల అందం తగ్గదు.

చార్ చినార్: దాల్ సరస్సులోని చిన్న ద్వీపం. షికారాలో వెళ్లాలి. పిల్లలకు లైఫ్ జాకెట్లు అడిగి వేయించాలి.

బిజ్‌బెహరా: శ్రీనగర్ నుంచి అనంత్‌నాగ్ వెళ్లే దారిలోని పట్టణం. ఇక్కడి పాద్‌షాహీ బాగ్‌లో బాగా వయసు మళ్లిన, భారీ మాను గల చినార్లున్నాయి. దారిలోనే పాంపోర్ కుంకుమపువ్వు పొలాలు వస్తాయి. అక్టోబర్ ద్వితీయార్ధంలో వెళ్తే ఊదారంగు పూలు కూడా చూడవచ్చు.

గుల్‌మార్గ్‌ను ఈ జాబితాలో చేర్చుకుంటే నిరాశే మిగులుతుంది. అక్కడ ఎక్కువగా ఉన్నవి ఏడాదంతా పచ్చగా ఉండే సూదిమొన ఆకుల చెట్లు.

ముందుగా తెలుసుకోవాల్సినవి

2025 ఏప్రిల్ 22న పహల్గాం సమీపంలోని బైసరన్‌లో జరిగిన ఉగ్రదాడిలో 26 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత లోయలో పలు పర్యాటక స్థలాలను మూసివేసి, దశలవారీగా తెరుస్తూ వచ్చారు. బయల్దేరే ముందు ఏవి తెరిచి ఉన్నాయో పర్యాటక శాఖ సమాచారం చూసుకోవడం తప్పనిసరి.

విమానం వద్దనుకునేవారికి 2025 జూన్ నుంచి కట్రా–శ్రీనగర్ వందే భారత్ రైలు ఉంది. ప్రయాణం సుమారు మూడు గంటలు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు. కుటుంబంలో ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. నవంబర్ రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది కాబట్టి ఉన్ని దుస్తులు, హీటర్ ఉన్న గది అవసరం.

ఉబ్బసం ఉన్నవారు మరో సంగతి గమనించాలి. రాలిన ఆకులను పోగుచేసి, సగం కాల్చి బొగ్గు చేయడం ఇక్కడి పాత అలవాటు. చలికాలంలో ఫెరన్ కింద పట్టుకునే ‘కాంగ్రీ’ అనే కుంపటికి ఆ బొగ్గే ఇంధనం. పొగ వల్ల ఊపిరితిత్తులకు చేటని అధికారులు ఆకులు కాల్చవద్దని చెబుతున్నా, పేద ఇళ్లకు అది ఖర్చులేని వెచ్చదనం. ఉదయం, సాయంత్రం పొగ ఎక్కువగా ఉంటే మధ్యాహ్నం వేళ తిరగడం మంచిది. ఇళ్ల ముందు పోసిన ఆకుల కుప్పల్లోకి పిల్లలను దూకనివ్వకూడదు. అది ఎవరిదో చలికాలపు పొయ్యి.

చెట్టుకు లెక్క

చినార్ పూర్తిగా ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. రోడ్ల విస్తరణకు, నిర్మాణాలకు చెట్లు బలవుతున్నాయన్న ఆందోళన కశ్మీర్‌లో చాలాకాలంగా ఉంది. అనుమతి లేకుండా చినార్‌ను నరకడం నేరం. ఇటీవల అటవీ శాఖ 28 వేలకు పైగా చినార్లను జియోట్యాగింగ్ చేసి, చెట్లకు క్యూఆర్ కోడ్‌లు అమర్చడం మొదలుపెట్టింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ చెట్టు వయసు, ఎత్తు, చుట్టుకొలత తెలుస్తాయి. ఈ రంగులు రేపటి పిల్లలకూ మిగలాలంటే ఎవరో ఒకరు ఈ లెక్క చూస్తూ ఉండాలని చెప్పడానికి ఆ ఫలకమే మంచి పాఠం.